ఆది జాకెట్టు లేకుండా మీ ఒంటికి కుదిరే జాకెట్టు కుట్టుకోవడం ఎలా?

దర్జీకి గుడ్డ ఇచ్చేటప్పుడు దానితోపాటు ఆది జాకెట్టు ఇవ్వడం మనకు తరతరాల అలవాటు. కుట్టు నేర్చుకునేవారు కూడా చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. పాత జాకెట్టును మడిచి కొత్త గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరిస్తారు. ఆ పద్ధతిలో పని తొందరగా తెములుతుంది కానీ, ఆది జాకెట్టులో భుజం జారుతుంటే కొత్తదానిలోనూ జారుతుంది, చంక దగ్గర పట్టేస్తుంటే ఇక్కడా పట్టేస్తుంది. పైగా ఎందుకు జారుతుందో, ఎందుకు పట్టేస్తుందో నేర్చుకునేవారికి ఎప్పటికీ తెలియదు. అందుకే కనీసం ఒక్కసారైనా ఆది జాకెట్టును పక్కన పెట్టి, కోరా గుడ్డను నేరుగా ఒంటి మీద పరచి, పిన్నులు పెట్టి, అక్కడే ఆకారం తీసుకుని, నమూనా కుట్టి సరిచేసుకుని, ఆ తరువాతే అసలు గుడ్డ మీద కత్తెర పెట్టమని కోరుతున్నాను. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకే తరగతిలో నేర్చుకుంటున్న ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకరికొకరు చేసుకుంటే అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఇక్కడ చెప్పేది నాలుగు డాట్ల జాకెట్టు గురించి. డాటు అంటే గుడ్డ ఒంటి వంపుకు ఒదిగేలా కొస సన్నగా వచ్చేట్టు మడిచి వేసే కుట్టు. ఈ జాకెట్టు వస్తే కటోరి, ప్రిన్సెస్ కట్ అనే రకాలు రెండూ దాని మార్పులేనని మీకే తెలుస్తుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

రెండు మీటర్ల కోరా గుడ్డ, గుండుసూదులు ఒక డబ్బా, 60 అంగుళాల టేపు, మెత్తటి పెన్సిలు, స్కేలు, పాత క్యాలెండరు కాగితాలు లేదా బ్రౌన్ పేపరు, గుడ్డకు ఒకటి, కాగితానికి ఒకటి చొప్పున రెండు కత్తెరలు ఉండాలి. కోరా గుడ్డ పలుచగా జారిపోయేది కాకుండా, మీరు చివరికి కుట్టబోయే జాకెట్టు గుడ్డకు దగ్గర మందంలో ఉండాలి. టూ బై టూ రుబియా అనే పలుచటి నూలు గుడ్డ కుట్టాలనుకునేవారు దుప్పటి మందం గుడ్డతో నమూనా చేస్తే ఆ నమూనా అబద్ధం చెబుతుంది.

కోరా గుడ్డను, అసలు గుడ్డను, లైనింగును మూడింటినీ ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరవేసి, ఇస్త్రీ చేయండి. కుట్టిన జాకెట్టు మొదటి ఉతుకులోనే లోపల బిగుసుకుపోయి పైగుడ్డ ఉబ్బినట్లు కనిపించడానికి, లైనింగు తడపకుండా కుట్టడమే చాలాసార్లు కారణం. పట్టు గుడ్డను మాత్రం నానబెట్టవద్దు, వెనకవైపునుంచి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే చాలు.

కొలతలు

36 చాతీ అంటే నాలుగో వంతు 9, దానికి కుట్లకు రెండు కలిపి 11 అని పుస్తకంలో ఉన్నట్లు వేసుకుంటారు. లెక్కలో తప్పులేదు కానీ, ముందుభాగం, వెనకభాగం సమానమన్న ఊహ ఆ లెక్కలో దాగి ఉంది. ఇద్దరికీ చుట్టుకొలత 36 ఉండవచ్చు. ఒకరికి ముందు 20, వెనక 16 ఉంటే, విశాలమైన వీపు ఉన్న మరొకరికి ముందు 18, వెనక 18 ఉంటుంది. ఈ ఇద్దరికీ ఒకే కాగితం పెట్టి కత్తిరిస్తే, మొదటి ఆమెకు పక్క కుట్టు ముందుకు లాగబడి చాతీ మీద బిగుసుకుంటుంది, వీపు మీద మాత్రం వదులు మిగులుతుంది. కాబట్టి చంక కిందినుంచి నడుము వరకు, పక్క కుట్టు రావలసిన చోట రెండు వైపులా సన్నటి దారమో టేపు ముక్కో నిలువుగా అంటించి, ముందు ఎంత, వెనక ఎంత అని విడివిడిగా కొలవండి.

కొలిచేటప్పుడు చీర కట్టుకున్నప్పుడు వేసుకునే లోదుస్తులే వేసుకుని ఉండాలి. అవి మారితే చాతీ ఎత్తు మారుతుంది, దానితో డాట్ల స్థానం మారుతుంది. చంకల కిందుగా పై చాతీ, నిండు చాతీ, చాతీ కిందిభాగం, జాకెట్టు అంచు వచ్చే చోట చుట్టుకొలత, భుజంనుంచి భుజానికి, మెడ పక్కనుంచి చాతీ ఎత్తైన బిందువుకు (దర్జీలు ఎపెక్స్ అనేది దీనినే), ఆ రెండు బిందువుల మధ్య దూరం, మెడ పక్కనుంచి ఆ బిందువు మీదుగా జాకెట్టు అంచు వరకు ముందు పొడవు, మెడ వెనక ఎముకనుంచి వెనక పొడవు, చేయి పొడవు, చేయి చుట్టు తీసుకోండి. ప్రతి కొలతా రెండుసార్లు తీసుకుని, రెండూ ఒకటి కాకపోతే మూడోసారి తీసుకోండి. కొలిపించుకునేవారు ఊపిరి బిగబట్టకుండా, కిందికి వంగి టేపు చూడకుండా నిటారుగా నిలబడాలి.

గుడ్డను ఒంటి మీద పరచడం

ముందుభాగానికి సుమారు 20 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ఉన్న ముక్కను కత్తిరించకుండా చించండి. చించితే గుడ్డ పోగు వెంబడే చిరుగుతుంది, అంచు సూటిగా వస్తుంది. పడుగు పోగు (గుడ్డ పొడవు వెంట సాగేది) నిలువుగా వచ్చేలా పెట్టుకుని, ఒక అంచునుంచి అంగుళం లోపల నిలువుగా ఒక గీత గీయండి. అది ఛాతీ నడిమి గీత. పేక పోగు (గుడ్డ వెడల్పు వెంట సాగేది) వెంట అడ్డంగా ఇంకొక గీత గీయండి. అది ఎపెక్స్ మీదుగా పోవలసిన గీత, కాబట్టి భుజంనుంచి ఎపెక్స్ వరకు ఉన్న కొలతకు మూడు అంగుళాలు కలిపి పై అంచునుంచి అంత దూరంలో గీయాలి. ఈ రెండు గీతలూ మీకు చివరి వరకు దారి చూపుతాయి. ఒంటి మీద నిలువు గీత నిలువుగా, అడ్డగీత నేలకు సమాంతరంగా ఉన్నంతసేపూ పని సరిగా నడుస్తున్నట్లే.

శరీరంలో కుడి సగానికి మాత్రమే పరిస్తే చాలు. గొంతు గుంట దగ్గర, ఛాతీ మధ్య, కింది అంచు దగ్గర నిలువు గీతను లోదుస్తుకు పిన్ను చేయండి. పిన్ను మొన ఒంటివైపు కాకుండా గుడ్డ వెంట పడుకునేలా గుచ్చాలి. తరువాత అడ్డగీతను ఎపెక్స్ మీద, ఆ తరువాత చంక కింద పక్కన, నేలకు సమాంతరంగా చూసుకుంటూ పిన్ను చేయండి. ఇప్పుడు ఎపెక్స్ దగ్గరనుంచి అరచేతితో గుడ్డను పైకి, మెడవైపు, భుజంవైపు మెల్లగా నిమురుతూ పోండి. మెడ దగ్గర గుడ్డ అడ్డుపడితే అర అంగుళం చొప్పున చిన్న గాట్లు పెడితే దానంతటదే ఒదుగుతుంది. భుజం మీద పిన్ను చేసేసరికి, చంక ముందు కొంత గుడ్డ ఉబ్బెత్తుగా మిగిలిపోయిందని గమనిస్తారు. దానిని ఎపెక్స్‌వైపు చూసే మడతగా పట్టి పిన్ను చేయండి. అదే చంక డాటు.

అడ్డగీతకు కింద గుడ్డ తెరలాగా వేలాడుతూ ఉంటుంది. దానినంతా ఎపెక్స్ కింద ఒకే మడతగా పట్టి చూడండి. నడుము దగ్గర కుదురుతుంది, కానీ ఆ మడత కొస చాతీ మీద మొనదేలి నిలబడుతుంది. అందుకే ఆ మిగులును పంచుతారు. ఎక్కువ భాగం కింది డాటులో పెట్టి, కొంత పక్క కుట్టునుంచి వచ్చే డాటులోకి, కొంత హుక్కుల వైపునుంచి వచ్చే డాటులోకి తీసుకోండి. నాలుగు డాట్ల జాకెట్టుకు నాలుగు ఎందుకు వచ్చాయో మీ చేతులతో మీరే ఇక్కడ తెలుసుకుంటారు. ఇది అంకెలతో గీసుకునేవారికి చాలా ఆలస్యంగా అర్థమయ్యే సంగతి. డాట్లన్నీ ఎపెక్స్‌వైపు చూడాలి గాని దానిని తాకకూడదు. కింది డాటు అర అంగుళం ముందు, మిగిలినవి అంగుళం ముందు ఆగిపోవాలి.

వెనకభాగం తేలిక. నిలువు గీతను వెన్నుపాము మీద పిన్ను చేసి, భుజాలవైపు, పక్కలవైపు నిమిరి, నడుము దగ్గర ఒక డాటు పట్టితే సరిపోతుంది. ముందు, వెనక ముక్కలను భుజం మీద, పక్కన ఒకదానికొకటి పిన్ను చేసేటప్పుడు చాతీ దగ్గర మొత్తం చుట్టూ కలిపి ఒక అంగుళం వదులు ఉంచండి. మెడ, భుజం, చంక గుండ్రం, పక్క కుట్టు, డాట్ల రెండు కాళ్ళు, అన్నిటినీ పెన్సిలుతో చుక్కలు పెట్టి, అప్పుడే గుడ్డను ఒంటి మీదినుంచి తీయండి. చంక అడుగు గీత నిజమైన చంకకు అర అంగుళం కంటే కిందికి పోకూడదు. ఈ అర అంగుళం గురించి కింద మళ్ళీ చెబుతాను, ఎందుకంటే కొత్తవారు తప్పు చేసేది ఇక్కడే.

1920లలో పారిస్‌లో ఐమూల కోతతో (గుడ్డను పోగుకు ఏటవాలుగా కత్తిరించడం) పేరు పొందిన దుస్తుల రూపకర్త మదలీన్ వియొనే కూడా బొమ్మ గీసుకుని కాకుండా, చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ పరచి ఆకారం చూసుకునేవారు. గుడ్డ ఎటు వాలుతుందో కాగితం చెప్పలేదు, గుడ్డే చెప్పాలి.

కాగితం మీదికి

గుడ్డను బల్ల మీద పరచి చుక్కలను కలపండి. సూటిగా ఉండవలసినవి స్కేలుతో, మెడ, చంకలు చేతితో నున్నటి వంపుగా గీయాలి. తరువాత మూడు పరీక్షలు తప్పనిసరి. ముందు, వెనక భుజాల పొడవు సమానంగా ఉండాలి. ముందుభాగంలో పక్క డాటు మడిచిన తరువాత పక్క కుట్టు పొడవు వెనక పక్క కుట్టుతో సరిపోవాలి. భుజాల దగ్గర రెండు ముక్కలను కలిపి పెట్టినప్పుడు మెడ వంపు, చంక వంపు విరిగినట్లు కాకుండా ఒకే గీతగా సాగాలి. ముందు చంక వెనక చంక కంటే సుమారు అర అంగుళం లోపలికి తవ్వి ఉంటుంది.

జాకెట్టు చేతిని కాగితం మీద నేరుగా గీయవచ్చు. చేయి చుట్టుకు అంగుళంన్నర కలిపి వెడల్పు తీసుకోండి. చేతి పైభాగపు గుండ్రం ఎత్తు 36 చాతీ ఉన్నవారికి మూడు, మూడున్నర అంగుళాల దగ్గర మొదలుపెట్టవచ్చు. టేపును అంచు మీద నిలబెట్టి ఆ వంపును కొలిస్తే, అది జాకెట్టు చంక చుట్టు కంటే అర అంగుళంనుంచి అంగుళం వరకు ఎక్కువ రావాలి. అంతకుమించితే చేతి మీద కుచ్చులు పడతాయి, తక్కువైతే చేయి అతకదు.

నమూనా కుట్టి, ముడతలు చదవడం

ఈ కాగితంతో కోరా గుడ్డ రెండు వైపులకూ కత్తిరించి, అన్ని వైపులా అంగుళం వదిలి, మిషను కుట్టు పొడవు 4 దగ్గర పెట్టి, రంగు దారంతో కచ్చాగా కుట్టండి. ముందుభాగాన్ని మధ్యలో తెరిచి ఉంచి, వేసుకున్నాక పిన్నులతో మూయాలి. వేసుకుని, ఒక నిమిషం మామూలుగా నడిచి వచ్చి, అద్దం ముందు నిలబడండి. వీపు చూసుకోవడానికి స్నేహితురాలు ఫోనుతో ఫొటో తీస్తే మేలు. మనమే తిరిగి చూసుకుంటే ఒళ్ళు మెలితిరిగి లేని ముడతలు కనిపిస్తాయి.

ముడత ఎక్కడినుంచి బయలుదేరి ఎటు చూపిస్తుందో గమనించడమే అమరిక నేర్చుకోవడం. బిగుతు ముడతలు బిగుసుకున్న చోటునుంచి కిరణాల్లా బయలుదేరతాయి. వదులు ముడతలు వేలితో పట్టుకుంటే చేతికి వస్తాయి. ఎపెక్స్‌నుంచి చంకవైపు, పక్కవైపు లాగినట్లు గీతలు కనిపిస్తే ముందుభాగంలో గుడ్డ చాలలేదని అర్థం. పక్క కుట్టును ముందువైపు మాత్రమే విప్పి వెడల్పు ఇచ్చి, ఆ ఇచ్చినదాన్ని డాట్లలో కలపండి, వెనకభాగాన్ని ముట్టుకోవద్దు. మెడ పక్కనుంచి చంకవైపు ఏటవాలుగా మడతలు జారుతుంటే మీ భుజాలు గుడ్డకంటే ఎక్కువ వాలుగా ఉన్నాయి. భుజం కుట్టును కొస దగ్గర లోపలికి తీసుకుని, అంతే మేర చంక అడుగును కిందికి దించాలి. అందుకు విరుద్ధంగా భుజం కొసలనుంచి మధ్యకు లాగుతూ మెడ వెనక అడ్డంగా ఒక మడత లేస్తుంటే భుజాలు చదునుగా ఉన్నాయి. కొస దగ్గర కుట్టు వదలాలి. చాలామందికి ఒక భుజం మరొకదానికంటే కొంచెం కిందికి ఉంటుంది. అందువల్ల రెండు వైపులా విడివిడిగా సరిచేయడంలో వెనుకాడవద్దు.

ముందు మెడ ఒంటినుంచి ఎడంగా తెరుచుకుంటే, ఆ మిగులును మెడ అంచు మీద చిటికెతో పట్టి పిన్ను చేసి ఎంత ఉందో కొలవండి. అర అంగుళం అనుకుందాం. కాగితం మీద మెడ అంచున ఆ అర అంగుళం గుర్తు పెట్టి, దాని రెండు కొసలనుంచి ఎపెక్స్ వరకు గీతలు గీసి, కింది డాటు గీతను ఎపెక్స్ వరకు కత్తిరించి, మెడ దగ్గరి గీతలను ఒకదాని మీదికి ఒకటి మడిచి మూసివేయండి. కింది డాటు దానంతటదే విచ్చుకుంటుంది. ఎపెక్స్ తలుపు కీలులాగా పనిచేస్తుంది. ఒక వైపు మూస్తే మరొక వైపు తెరుచుకుంటుంది. ఈ ఒక్క కిటుకు చేతికి వస్తే డాటును మీకు నచ్చిన చోటికి తిప్పుకోగలుగుతారు. వెనక మెడ లోతుగా కావాలనుకునేవారు మెడ వెడల్పును తగ్గించుకోవాలి. వెడల్పూ లోతూ రెండూ పెంచి, భుజాలు జారకుండా తాళ్ళు కట్టుకోవడం వల్ల లోపం మూతపడుతుందే తప్ప పోదు.

ఇప్పుడు చంక సంగతి. చేయి పైకెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోందని, చంకలో పట్టేస్తోందని చెప్పగానే కొత్తవారు కత్తెర తీసుకుని చంకను ఇంకా లోతుగా కోస్తారు. దాంతో బాధ ఎక్కువవుతుంది. చేయి కదిలే కీలు చంక పైన ఉంది. గుడ్డ అతుకు దానికి ఎంత కిందికి పోతే, చేయి ఎత్తినప్పుడు అది పక్క కుట్టును అంత ఎక్కువగా పైకి గుంజుతుంది. అందువల్ల చంక అడుగును పైకి తేవాలి. నమూనా మీద చంక అడుగున చిన్న గుడ్డ ముక్క అతికించి అర అంగుళం పైకి తెచ్చి, చేతి గుండ్రం ఎత్తును కూడా అర అంగుళం తగ్గించి మళ్ళీ కుట్టి చూడండి. ఇంతకుముందు లేవని ఎత్తుకు చేయి లేస్తుంది. చంక ముందు చర్మానికి గుడ్డ ఒరుసుకుంటూ ఉంటే మాత్రం అప్పుడు లోతు కాకుండా ముందు వంపును కొద్దిగా లోపలికి తవ్వాలి. ఒక్కోసారి ఒక్క మార్పు మాత్రమే చేసి మళ్ళీ వేసుకుని చూడండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

అసలు గుడ్డ

సరిచేసిన నమూనాను కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, కొత్త కాగితం మీదికి ఎక్కించండి. మెడకు పావు అంగుళం, భుజానికి, చంకకు అర అంగుళం, పక్క కుట్లకు అంగుళంన్నర వదలండి. ఒళ్ళు వచ్చినప్పుడు విప్పుకోవడానికి మన దర్జీలు పక్కన రెండు మూడు వరుసల కుట్లు వేసే పద్ధతి చాలా తెలివైనది, దానిని వదులుకోవద్దు. కాగితాలు గుడ్డ మీద పరిచేటప్పుడు నడిమి గీత పడుగు వెంటే ఉండాలి. చీర అంచును చేతులకు పెట్టాలంటే ముందు చేతులకు చోటు కేటాయించి, తరువాతే మిగిలిన ముక్కలు పరచండి. పోచంపల్లి గుడ్డ అయితే రెండు ముందుభాగాలలో పువ్వు ఒకే ఎత్తున వస్తుందో లేదో చూసుకున్నాకే కత్తెర పెట్టాలి.

నూలు గుడ్డకు 14 నంబరు సూది, పలుచటి పట్టుకు 11 నంబరు సూది వాడండి. లైనింగును పైగుడ్డకు కచ్చాకుట్టుతో అతికించి, రెండూ ఒకే గుడ్డ అన్నట్లు డాట్లు కుట్టండి. డాటు వెడల్పు వైపునుంచి మొదలుపెట్టి కొస దగ్గర సన్నగా గుడ్డ అంచునుంచి జారిపోవాలి. కొసలో వెనక్కి కుట్టకుండా దారాలు వదిలి చేతితో ముడి వేస్తే మొన తేలదు. ప్రతి డాటును తువ్వాలు ఉండ మీద పెట్టి ఇస్త్రీ చేసిన తరువాతే తరువాతి కుట్టుకు పోవాలి. హుక్కు పట్టీ, కాజా పట్టీ వేసేటప్పుడు ఏ వైపు పైకి రావాలో ఇంట్లో ఉన్న జాకెట్లను చూసి ఖాయం చేసుకోండి. భుజాలు కలిపి, మెడకు ఐమూలగా కత్తిరించిన అంగుళంపావు పట్టీని కొంచెం లాగి పట్టుకుంటూ కుట్టండి. పోగు వెంట కత్తిరించిన పట్టీ వంపులో ఒదగదు. పక్క కుట్లు వేయకముందే చేతులను అతికించి, చేతి కొసనుంచి కింది అంచు వరకు పక్క కుట్టును ఒకే సాగుగా వేస్తే, తరువాత విప్పడం, బిగించడం సులువు. కింది పట్టీ, హెమ్మింగు, హుక్కులు చివర.

జాకెట్టు పూర్తయ్యాక దానిమీద చీర కట్టుకుని చూడకపోతే అమరిక పూర్తయినట్లు కాదు. పైట బరువు, ఎడమ భుజం మీద పెట్టే పిన్ను, రెండూ కలిసి ఆ వైపు భుజాన్ని వెనక్కి లాగుతాయి. కుచ్చెళ్ళు పెట్టి, పైట సర్ది, పిన్ను పెట్టుకుని, నేలమీద బాసింపట్టు వేసి కూర్చోండి, అటక మీది డబ్బా అందుకోండి, వంగి నీళ్ళ బిందె ఎత్తినట్లు చేయండి. కింది అంచు ఒకటి రెండు అంగుళాలు పైకి లేచి, చేయి దించగానే తనంతట తాను కిందికి జారితే సరిగ్గా ఉన్నట్లు. చేయి దించినా పైనే ఉండిపోతే నడుము పట్టీ బిగుతుగా ఉంది, పక్క కుట్టులో ఒక వరుస విప్పండి.

చివరి కాగితాన్ని అట్టమీద అతికించి, కత్తిరించి, దాని మీద పేరు, తేదీ, చాతీ ముందు, వెనక కొలతలు, కుట్లకు ఎక్కడ ఎంత వదిలారో రాసి, ఒక మూల రంధ్రం చేసి మేకుకు తగిలించండి. ఆరు నెలలకొకసారి పక్క టేపులు అంటించుకుని ముందు, వెనక కొలతలు మళ్ళీ తీసి, ఆ తేదీ కింద రాయండి.